వాగు దాటిన పేరు

ఆ రోజు కొల్లాపూర్ బస్సు వాగు ఒడ్డున ఆగిపోయింది. మా దగ్గర ఎండ కాస్తోంది గాని, ఎగువన ఎక్కడో గట్టి వాన పడ్డట్టుంది. వాగు ఎర్రగా, ఒడ్డు ఒరుసుకుంటూ వచ్చింది. అప్పటికింకా దాని మీద వంతెన లేదు. అందరం దిగి నిలబడ్డాం.

నా పక్క సీటులో వచ్చిన ఒకామె, తల్లిగారింటి నుంచి తిరిగి వస్తున్న మనిషి, అవతలి గడ్డ వైపే చూస్తోంది. అక్కడ నలుగురైదుగురు మగవాళ్ళున్నారు. వాళ్ళలో గొంగడి కప్పుకున్నతను మా బస్సును చూసి నీళ్ళలోకి దిగాడు.

“అన్నా, గాయినను జర ఆగుమనుండ్రి. నన్ను తీస్కపోను వస్తుండు,” అందామె.

“ఓయ్, ఆగు,” అని అరిచాను. గడ్డ మీదివాళ్ళు తలలెత్తారు. అతను మాత్రం ఇంకెవరినో పిలుస్తున్నారనుకున్నాడేమో, ఆగలేదు.

“పేరేందమ్మా?”

ఆమె నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. “పెనిమిటి పేరు నేనెట్లంట అన్నా?”

నీళ్ళు అతని నడుము దాకా వచ్చాయి. కాలు తడబడింది.

“మల్లయ్యా,” అని ఆమె కేక వేసింది. “రాకు.”

అతను ఉన్నచోటే నిలిచిపోయాడు. మెల్లగా వెనక్కి తిరిగి గడ్డెక్కాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది.

నా భార్య కూడా బతికినన్నాళ్ళూ నన్ను పేరు పెట్టి పిలవలేదు. ఆమె పోయాక ఇంట్లో నేనొక్కడినే. గట్టి వాన పడినప్పుడల్లా ఆ కేక గుర్తొస్తుంది. నా భార్య గొంతులో నా పేరు ఎట్లా ఉండేదో నాకు తెలియదు.