పేరు రాయని డబ్బా

ఆఫీసులో అందరూ ఆమెను డబ్బాలక్క అంటారు. కొత్తగా చేరినవాళ్లకు ప్రోగ్రాములు రాయడంలో జెనెరిక్స్ అనే పాఠం నేర్పాలంటే ఆమే దిక్కు.

"డబ్బా ఒక్కటే చేస్తాం. అందులో ఏం పోస్తామో వాడేటప్పుడు చెబుతాం. ఉప్పు అని రాశామా, పంచదార పోయబోతే మనం రాసిన కోడును తనిఖీ చేసే కంపైలరే చెయ్యి పట్టుకుని ఆపుతుంది. పేరు రాయకుండా వదిలేశారో, ఏం పోసినా కిమ్మనదు!"

పదహారేళ్లుగా ఇదే పాఠం. అంత చెప్పిన మహాతల్లి, రెండేళ్ల క్రితం ఒక ఆసుపత్రికి మందుల మోతాదులు చూపే ప్రోగ్రాం రాస్తూ, ఒకచోట తనే ఆ పేరు ఎగ్గొట్టింది. అది పిల్లల మోతాదుల జాబితా. ఆ పేరు రాస్తే పాత కోడు ఇరవై చోట్ల తప్పులు చూపిస్తోంది, అప్పగించడానికి గంటే ఉంది. కంపైలర్ హెచ్చరించింది. ఆ హెచ్చరిక కనబడకుండా చేసే లైనొకటి పైన తగిలించి, రేపు సరిచేద్దామనుకుంది. ఆ రేపు వస్తేగా!

ఇవాళ అదే ఆసుపత్రి పిల్లల వార్డులో ఆమె ఆరేళ్ల కూతురు జ్వరంతో పడుకుని ఉంది. నర్సు కంప్యూటర్ తెర చూసి సిరంజిలోకి మందు ఎక్కిస్తోంది. ఆ తెర చూడగానే డబ్బాలక్క పై ప్రాణాలు పైనే పోయాయి. తను రాసిందే. పెద్దవాళ్ల మోతాదు ఆ జాబితాలోకి జారినా ఆపేదేమీ లేదు.

"ఆగండి సిస్టర్! ఒక్కసారి చేత్తో లెక్కవేసి చూడండి."

"కంప్యూటర్ చూపించిందిగా అమ్మా. అదెందుకు తప్పు చెబుతుంది?"

"చెబుతుందమ్మా. రాసింది నేనే."

నర్సు ఆమె మొహంలోకి చూసి, మందుల పట్టిక తీసింది. కాగితం మీద గుణిస్తున్నంతసేపూ డబ్బాలక్క కూతురి పాదం పట్టుకుని నిలబడింది.

"సరిగ్గానే ఉందమ్మా."

బతికిపోయాం అనుకుంటూ కుర్చీలో కూలబడింది. సూది గుచ్చగానే పాప కెవ్వుమంది. ఆ ఏడుపు కూడా తల్లికి హాయిగానే వినబడింది. గండం గడిచింది. ఇక నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, ఉద్యోగానికీ ఢోకా ఉండదు.

నర్సు ట్రే పట్టుకుని పక్క మంచానికి వెళ్లింది. అక్కడ నాలుగేళ్ల పిల్ల నిద్రపోతోంది. మళ్లీ అదే తెర.

డబ్బాలక్క లేచింది. "సిస్టర్, ఆ పాపది కూడా చూడండి. అందరిదీ చూడండి. డాక్టర్‌గారిని పిలవండి, నేను చేసిన తప్పొకటి చెప్పాలి."

నర్సు గుణించింది. మళ్లీ గుణించింది. ఈసారి సిరంజిని ట్రేలో పెట్టేసి, డాక్టర్‌ కోసం ఫోన్ అందుకుంది.