ఓకే అంటే ఒప్పుకున్నట్టా?

ఎనభైల మొదట్లో ఒకసారి, ప్యాసింజర్ బండి స్టేషన్ ఘన్‌పూర్‌లో ఆగగానే సఫారీ సూటాయన స్నేహితుడితో ఎక్కి మా సీటు ముందు నిలబడ్డాడు. నా పక్కనున్న ముసలమ్మ కాలికి కట్టుంది. వరంగల్ దవాఖానకు పోతోంది.

"మీరిద్దరు లేవాలె. మేం కూసుంటం, ఓకే?"

"ఓకే," అంది ఆమె, కదలకుండా.

ఆయన నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ ఆమె ఓకే అంది. లెక్కపెట్టాను.

"ఓకే అంటివి గద! లేవవేందమ్మా?"

"ఓకే అంటే ఊఁ కొట్టుడే గద కొడుకా? నువ్ చెప్పినవ్, నేను ఇన్న. ఒప్పుకున్ననా?"

ఇంగ్లీషు సొంతంగా నేర్చుకున్న నాకు ఆ అర్థం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఆయన నావైపు తిరిగాడు. "సార్, మీరన్నా లేవుండ్రి, ఓకే?"

అప్పటికే భయంతో సగం లేచాను. "ఓకే," అని మళ్లీ కూర్చున్నాను.