చాలమ్మ, జావ్‌డీ

మొన్న బీపీ గోళీ కోసం కొత్త స్ట్రిప్ నొక్కగానే రేకు చిట్లిన చప్పుడు, దాని వెంటే సన్నటి రేకు వాసన. గోళీ వేసుకోవడం మరిచి ఆ స్ట్రిప్పునే ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చుంటే మా చిన్నమ్మాయి పగలబడి నవ్వింది. నవ్వనీ. దానికేం తెలుసు, నేను అప్పటికే పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ హాల్లో లిన్ మేడం పక్కన నిలబడి ఉన్నానని!

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా ఫ్యాక్టరీకి చైనా నుంచి ప్యాకింగ్ మెషిన్ వచ్చింది. దాన్ని బిగించి మాకు నేర్పడానికి దాని వెంటే లిన్ మేడం వచ్చింది. మా సూపర్‌వైజర్ మమ్మల్ని మెషిన్ నంబరుతోనే పిలిచేవాడు. ఆమె మాత్రం మొదటి రోజే అందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా అడిగి నేర్చుకుంది. వాళ్ల దగ్గర కూడా ఇంటిపేరే ముందట, పైగా పెళ్లయినా ఆడవాళ్లకు అది మారదట. నన్ను "కొండాపురం చాలమ్మా" అని నిండుగా పిలిస్తే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆ పేరును వీలైనంత దాచుకోవడం నా అలవాటు.

ఒకరోజు క్యాంటీన్‌లో పేరుకు అర్థం అడిగింది. ఆమెది వచ్చీరాని హిందీ, నాదీ అంతే.

"నాలుగో ఆడపిల్లను మేడం. ఇగ చాలు దేవుడా అని పెట్టిండ్రు. నా ఎనక తమ్ముడు పుట్టిండు."

ఆమె నవ్వలేదు. చెంచా కింద పెట్టింది. "లిన్ మా ఇంటిపేరు. నా పేరు జావ్‌డీ. తమ్ముణ్ని పిలుచుకురా అని అర్థం."

ఆ తమ్ముడూ వచ్చాడట. అతని పేరులో ఇంటిపేరు తర్వాతి అక్షరం పెదనాన్న కొడుకులతో సహా ఆ తరం మగపిల్లలందరికీ ఒకటే. ఏ తరానికి ఏ అక్షరమో వాళ్ల పెద్దలు ముందే వరుస కట్టి పెట్టారు. పేరులో చివరి అక్షరం మాత్రం వాడి కోసమే నాన్న వెతికి వెతికి ఎంచింది. "వాడు పుట్టకముందే వాడి పేరులో సగం ఇంట్లో సిద్ధంగా ఉంది. నా పేరు కూడా వాడి కోసమే ఎదురుచూసింది" అంది. నాకు దుఃఖం ఆగలేదు.

"మరి మార్చుకోకపోయినవా మేడం?"

"ఎందుకు? తమ్ముడొచ్చాడు, ఆ పేరుతో వాళ్లకున్న పని అయిపోయింది. ఇప్పుడది నాది."

అప్పటికి నేను రెండోసారి కడుపుతో ఉన్నాను. పెద్దదానికి మా అత్తమ్మ తల్లి పేరు పెట్టామంటే మేడం బిత్తరపోయింది. పెద్దల పేరు పిల్లలకు పెట్టడం వాళ్లలో మర్యాద కాదట. "కోపమొస్తే తిట్టేదెలా?" అని అడిగింది. ఆ బాధ మాకూ ఉందని ఒప్పుకున్నాను.

రెండోదీ ఆడపిల్లే. అత్తమ్మ తేల్చేసింది: "నీ పేరే పెడుదామే. మీ అవ్వకు పనిచేసింది గద!" ఆమెకు నా మీద కోపమేమీ లేదు. పనిచేసిన మందును పక్కింటికి చెప్పినట్టే చెప్పింది. నా బిడ్డ కూడా ఆ పేరు మోస్తూ దాక్కుని బతకాలా?

చిట్కుల్‌లో మా కిరాయి ఇంట్లో, బిడ్డకు పేరు పెట్టే తొట్టెల ఫంక్షన్. వచ్చిన లిన్ మేడంను పక్కకు తీసుకుపోయి, నువ్వే ఓ పేరు చెప్పమని బతిమాలాను.

"నేను చెబితే అది నా కోరిక అవుతుంది. దీనికి నువ్వేం కోరుకుంటున్నావు?"

నన్ను ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు. అత్తమ్మ తొట్టె మీదికి వంగకముందే నేను వంగి బిడ్డ చెవిలో చెప్పాను. తర్వాత అందరికీ వినిపించేలా అన్నాను: "స్వాగత."

"అదేం పేరే! పెండ్లి గేటు మీద రాసే మాట గద!" అంది అత్తమ్మ. చుట్టాలు నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు కానీ, నవ్వుతూనే "స్వాగతా" అని పిలిచి తొట్టె ఊపాడు. ఆ పేరే ఖాయమైపోయింది.

మేడం అర్థం అడిగింది. రమ్మని పిలవడం అన్నాను.

ఆమె ముఖం మారిపోయింది. "ఎవర్ని పిలవడానికి?"

"ఎవర్నో కాదు మేడం. దీన్నే."

మేడం బిడ్డను ఎత్తుకుని చాలాసేపు దించలేదు. మెషిన్ సరిగా నడవడం మొదలయ్యాక తన దేశం వెళ్లిపోయింది. ఇప్పుడెక్కడుందో తెలియదు.

మొన్న నవ్వింది ఆ స్వాగతే. నవ్వాపి, "అమ్మా, ఆధార్ల నీ పేరు మార్పిస్త. సుజాత అని పెట్టుకో, మంచిగుంటది" అంది.

"వద్దు బిడ్డా. మీ మామ వచ్చిండు, ఆ పేరుతోని వాళ్లకున్న పని అయిపోయింది. ఇప్పుడది నాది" అని గోళీ మింగాను.