మునిరత్నం అన్న అంగడి మీద రెండు మెసేజీలు

ఆరేళ్లుగా ఒక సంగతిని లోపల పెట్టుకొని తిరుగుతా ఉండాను. బరువంటే సినిమాల్లో మాదిరి గుండె పట్టుకొని కూలబడే బరువు కాదు. తింటాను, నిద్రపోతాను, పక్కనోళ్ల మీద జోకులేస్తాను. ఎవరైనా నన్ను "మంచోడు" అంటే మాత్రం చెవులు వేడెక్కుతాయి. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్తాండాను. ఎరిగినోళ్లకి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.

తిరుపతిలో డిగ్రీ చదివే రోజులు. ఆడపిల్లల కాలేజీ ఎదురుగా మునిరత్నం అన్న సెల్‌ఫోన్ల అంగడి. సాయంత్రాలు నేను ఆడ పనిచేసేవాణ్ణి. రీచార్జ్ కావాలంటే పిల్లలు ఒక నోటుపుస్తకంలో తమ నంబరు రాయాల. అది చూసి అన్న తన ఫోన్లో నొక్కేవాడు. ఆ పుస్తకాన్ని నన్ను కూడా ముట్టనిచ్చేవాడు కాదు. అంగడి మూసే ముందు, రాసిన కాగితాలు చించి వెనక సందులో కాల్చేసేవాడు. "ఆడబిడ్డ నంబరు ముట్టుకుంటే హుండీలో చెయ్యి పెట్టినట్టేరా" అనేవాడు. ఆ వీధిలో ఇంకో నాలుగు అంగళ్లుండినా పిల్లలంతా ఈయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన వ్యాపారమంతా ఆ నమ్మకమే. అది నాకు తెలుసు. తెలుసు కాబట్టే యాడ కొట్టాలో కూడా తెలిసింది.

ఎందుకు కొట్టాలనుకున్నాను? చెప్తే నవ్వుతారు. నవ్వండి, ఆ పొద్దు కూడా అందరూ నవ్వినారు.

నాకు అప్పుడు మార్కెటింగ్ పిచ్చి. కాలేజీ పిల్లోళ్లు కరపత్రాలు చదవరు, వాటితో బజ్జీల నూనె అద్దుకుంటారు, వాళ్లకి ఏదైనా చెప్పాలంటే వాళ్ల ఫోన్లోకే పోవాల, రీచార్జ్‌కి ఒక రింగుటోను ఊరికే ఎక్కించి ఇద్దాము అని, అంగడి ముందర పిల్లలు వరసలో నిలబడి ఉండగా, నడుమ నడుమ ఇంగ్లీషు కలిపి ఉపన్యాసం ఇచ్చినాను. మునిరత్నం అన్న అంతా విని వరస వైపు తిరిగినాడు. "మా మేనేజరు సారు చెప్పేది వినండమ్మా" అన్నాడు. మళ్లీ నా వైపు తిరిగి, "సారూ, అంగడి షట్టరు నేను చూసుకుంటా గానీ, తమరు ముందు ప్యాంటు షట్టరు మూసుకోండి" అన్నాడు.

పద్నాలుగు మంది నవ్వినారు. లెక్కపెట్టినాను. షట్టరు నిజంగానే తెరిచి ఉండాది. అదే ఇంకా కడుపుమంట. ఊరందరినీ ఎగతాళి చేసేవాణ్ణి నేను. నా మీద పడిన ఒక్క జోకుని ఓర్చుకోలేకపోయినాను. జోకు చప్పగా ఉండింటే వదిలేసేవాణ్ణేమో. బాగుండింది.

మరుసటి రోజు పని మానేసినాను. ఒక ఫోన్ కంపెనీ తరఫున కాలేజీల ముందర గొడుగు కింద కూర్చొని సిమ్‌కార్డులు అమ్మే పనిలో చేరినాను. నాకు రెండు సైజులు పెద్దదైన టీషర్టు ఇచ్చి, ఒక ముక్క నేర్పినారు: కుర్రకారు బ్యానర్లని నమ్మరు, ఫ్రెండు చెప్పిందే నమ్ముతారు. ఆ పాఠాన్ని కంపెనీకన్నా ముందు నేనే వాడుకున్నాను.

ఒక కొత్త సిమ్ వేసి, ఆడపిల్ల రాసినట్టు మెసేజ్ రాసినాను. "అక్కా, కాలేజీ ఎదురుగా ఉండే మునిరత్నం అంగట్లో నంబరు రాయొద్దు. పుస్తకంలో రాసినవి అబ్బాయిలకు అమ్ముతాండాడు. మా హాస్టల్లో ఒకమ్మాయి ఏడుస్తా ఉంది. నీ ఫ్రెండ్స్‌కి చెప్పు." సిమ్ కోసం పిల్లలు నింపిన ఫారాల్లో నంబర్లు చూసి పదకొండు మందికి పంపినాను. రెండు రోజుల్లో అది తిరిగి నా సొంత ఫోన్‌కే వచ్చింది. ఎవరో "పోలీసులు కూడా వచ్చినారంట" అని చేర్చినారు. నేను రాసినదానికన్నా బాగుండింది.

వారం దినాల్లో వరస తగ్గిపోయింది. ఎదురుగా టీ అంగట్లో కూర్చొని చూసేవాణ్ణి. పది మంది, ఆరు మంది, ఇద్దరు. టీ అంత రుచిగా ఎప్పుడూ లేదు. సిగ్గుపడి చెప్పడం లేదు, ఉన్నది చెప్తాండాను.

అప్పుడు మునిరత్నం అన్న నా గొడుగు దగ్గరికి వచ్చినాడు.

"నువ్వు ఈడుండావని చెప్పినారప్పా. నా అంగడి మీద ఏందో మెసేజ్ తిరగతాండాదంట, చూసినావా?"

"చూసినాన్నా. పనీపాటా లేనోళ్లు."

"నిన్న మా పాప అడిగింది. నిజమా నాయనా అని. తొమ్మిదో తరగతి పిల్ల. దానికి ఏం చెప్పాల?"

నేను ఫారాలు సర్దుకుంటా ఉండిపోయినాను.

"నువ్వొక మెసేజ్ రాయప్పా, ఇది అబద్ధమని. ఈ పిల్లోళ్ల సంగతి నీకు తెలిసినట్టు నాకు తెల్దు. ఆ పొద్దు నలుగురిలో నిన్ను అట్ల అనడం తప్పే. మనసులో పెట్టుకోవాక."

"అబ్బే, అదెప్పుడో మర్చిపోయినా."

"పంపేదానికి నంబర్లు కూడా లేవు నా దగ్గర. అన్నీ కాల్చేసినా గదా."

ఆడ ఆగిపోయి ఉండొచ్చు. క్షమాపణ కూడా వచ్చేసింది. కానీ నాకు ఏమనిపించిందో తెలుసా? ఎగతాళి పద్నాలుగు మంది ముందర, క్షమాపణ మాత్రం గొడుగు కింద, ఎవరూ లేనప్పుడు. మొదటి మెసేజ్ కోపంలో పంపినానని సర్దిచెప్పుకోగలను. రెండోది? చల్లగా, ఆలోచించి, నేర్చిన పనితనమంతా పెట్టి చేసినాను.

"నంబర్లు నేనిస్తాలేన్నా" అన్నాను. సిమ్ కోసం పిల్లలు రాసిచ్చిన ఫారాలు నా దగ్గరుండాయి. ఆయన ఫోన్ తీసుకొని, "నేను ఎవరి నంబర్లూ అమ్మలేదు, దయచేసి నమ్మండి, ఇట్లు మునిరత్నం" అని రాసి, నూటాభై మందికి నా చేత్తోనే పంపినాను. సగం మంది ఆయన అంగడి గడప తొక్కనోళ్లు. ఎన్నడూ నంబరు ఇవ్వని మనిషి ఫోన్ నుంచి మెసేజ్ వస్తే ఆ పిల్లలు ఏమనుకుంటారు? నాకు తెలుసు. తెలిసే పంపినాను. ఆయన రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు.

మరుసటి రోజు పిల్లల అన్నలు, నాయనలు వచ్చినారు. "మా బిడ్డ నంబరు నీకు యాడిదిరా?" అని చొక్కా గల్లా పట్టుకున్నారు. నెల తిరక్కముందే అంగడి మూసేసి, చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర పనికి పోయినాడు.

పోయిన ఏడాది చిత్తూరు బస్టాండులో కనబడినాడు. పక్కన కూతురు. "ఆ కష్టంలో మనకి సాయం చేసిన అన్న ఈయనే" అని ఆ పిల్లకి చెప్పినాడు. నంబర్లు యాడివని అంతమంది అడిగినా నా పేరు చెప్పలేదంట. చెప్తే నా ఉద్యోగం పోతుందని. ఆ పిల్ల నాకు నమస్కారం పెట్టింది. నేనేం చేసినాను? ఏదో జోకేసినాను. ముగ్గురమూ నవ్వినాము. బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చొని, అదే నవ్వు మొహంతో తిరుపతి దాకా వచ్చినాను. మొహం దానంతటది సర్దుకోలేదు.

ఆయన క్షమిస్తాడేమో. అందుకే ఆయనకి చెప్పడం లేదు, ఆ క్షమ మోసే ఓపిక నాకు లేదు. ఆ పద్నాలుగు మంది నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ పళ్లు కొరుకుతాను, అదీ నిజమే. అయినా ఆ పొద్దు గొడుగు కింద ఆయన అడిగిన మెసేజ్ ఒకటి నేను బాకీ. ఎట్ల రాస్తే పిల్లోళ్లు నమ్ముతారో అప్పుడే నాకు తెలుసు. రాయడానికి ఆరేళ్లు పట్టింది.

మునిరత్నం అన్న ఎవరి నంబరూ ఎవరికీ ఇవ్వలేదు. ఇచ్చింది నేను.