జీవరత్నం మాస్టారు మింగలేని గోలి

నాంపల్లి స్టేషన్ వెనక సందుల్లో బ్యాండ్ మేళం కావాలని ఎవరిని అడిగినా జీవరత్నం మాస్టారి గది చూపిస్తారు. బరాత్ ముందు ఆయన క్లారినెట్ అందుకున్నాడంటే గుర్రం మీద బిగుసుకుని కూర్చున్న పెళ్లికొడుకు కూడా భుజాలు ఊపాల్సిందే. ఒకసారి ఆబిడ్స్ చౌరస్తాలో బరాత్ అడ్డం పడి బండ్లన్నీ ఆగిపోతే, హారన్ కొట్టి తిట్టాల్సిన ఆటోవాళ్లు కిందికి దిగి చిందులేశారు. ఆ కథ ఆయన బ్యాండులోని డ్రమ్ము మల్లేష్ ఇప్పటికీ చెప్తూనే ఉంటాడు.

మాస్టారిది మెదక్ వైపు. చిన్నప్పుడు మిషన్ బడిలో క్లారినెట్ నేర్చుకున్నాడు. పెళ్లయ్యాక భార్య బెత్సీతో నగరానికి వచ్చి, ఇంకొకరి మేళంలో ఊది, చివరికి సొంత మేళం పెట్టుకున్నాడు. ఆదివారం పొద్దున చర్చిలో పాటలు, మిగతా రోజుల్లో పెళ్లిళ్లు. ఒక్క ఊపిరిలో ఆయన స్వరం నిలబెడితే వినేవాళ్లకు ఊపిరాడదని పేరు.

పోయినేడు ముహూర్తాల రోజుల్లో ఆ ఊపిరే తగ్గింది. నాలుగడుగులు నడిస్తే ఆయాసం. ఎడమ డొక్కలో ఏదో బరువు. రెండు ముద్దలు తినగానే కడుపు నిండినట్టుండేది. ఎండదెబ్బ అనుకున్నాడు, వయసు అనుకున్నాడు. ఒకరోజు బరాత్ మధ్యలో స్వరం తెగిపోయి రోడ్డు పక్క చెప్పుల దుకాణం మెట్ల మీద కూలబడ్డాడు. మర్నాడే బెత్సీ ఆయన్ని రక్తపరీక్షకు లాక్కెళ్లింది. అక్కణ్నుంచి పెద్ద దవాఖానకు పంపారు.

డాక్టర్ కరుణాకర్ తొందరపడకుండా చెప్పాడు. "రక్తంలో తెల్లకణాలు అదుపు తప్పి పెరుగుతున్నాయి జీవరత్నం గారూ. ఇది ఒక రకం రక్త క్యాన్సర్. కానీ దీనికి మంచి మందుంది. రోజూ గోలీ వేసుకుని, చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష చేయించుకుంటూ చాలామంది ఎప్పట్లాగే పనులు చేసుకుంటున్నారు. మీరు కూడా వాయించుకోవచ్చు. మమ్మల్ని అడక్కుండా మాత్రం ఒక్క రోజు కూడా మానొద్దు."

మాస్టారికి క్యాన్సర్ అన్న మాట ఒక్కటే వినపడింది. కింద మందుల కౌంటర్లో వైశాలి అనే అమ్మాయి గోలీల డబ్బా చేతికిచ్చి ఎట్లా వేసుకోవాలో ఓపిగ్గా చెప్పింది. ఆయన అన్నింటికీ తలూపాడు. ఒక్క ముక్క చెవికెక్కలేదు. అన్నం తిన్నాకే వేసుకోవాలని, నీళ్లు బాగా తాగాలని బెత్సీ మాత్రం పట్టుకుంది.

మందు పనిచేసింది. వారాలు గడిచేకొద్దీ డొక్కలో బరువు తగ్గింది, అన్నం సయించింది. కళ్ల కింద కాస్త ఉబ్బు వచ్చేది, పిక్కలు పట్టేసేవి. డాక్టరుకు చెప్తే వాటికీ దారి చూపించాడు. ఎటొచ్చీ ఒక్కటే చిక్కు. గోలీ పెద్దది, మాస్టారి గొంతులోంచి దిగేది కాదు. నోట్లో వేసుకుంటాడు, నీళ్లు పోసుకుంటాడు, కళ్లు మూసుకుని యేసయ్యను తలుచుకుంటాడు. నీళ్లు కడుపులోకి, గోలీ నాలుక మీదికి!

"ఏంది మాస్టర్, గంట సేపు ఊదుతవ్, గింత గోలి మింగరాదా?" అని మల్లేష్ పడిపడి నవ్వేవాడు.

"ఊదుడంటే గాలి బయటికి పోవుడు. మింగుడంటే లోపలికి. రెండూ ఒకటేనారా?" అని మాస్టారు కసిరేవాడు. తర్వాత తనూ నవ్వేవాడు.

అప్పుడే కూతురు జిప్పోరా పురిటికి పుట్టింటికొచ్చింది. ఏడో నెల. మొదటి కాన్పు. వచ్చిన రోజే తండ్రి గోలీతో పడే అవస్థ చూసింది. గుటక పడక, ఓకరించి, కళ్లనీళ్లతో కూర్చున్న మనిషి దగ్గర్నుంచి గోలీ తన చేతిలోకి తీసుకుంది.

"డాడీ, గింతదానికి గంత కష్టమెందుకు? జర ఆగు." వంటింట్లోకి పోయి, అల్లం దంచే చిన్న రోట్లో గోలీ వేసి మెత్తగా నూరింది. తేనెలో కలిపి చెంచాతో నోట్లో పెట్టింది. సర్రున దిగిపోయింది.

"అబ్బ! ఇన్ని దినాలు ఎవరికీ తట్టలేదు సూడు," అన్నాడు మాస్టారు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనం కాగానే కూతురు నూరడం, తండ్రి నాకడం. పసిపిల్లవాడికి పెట్టినట్టు పెడుతుంటే ఆయనకు భలే ముచ్చటగా ఉండేది.

ఆ వారంలోనే దవాఖానకు వెళ్లాల్సిన రోజు వచ్చింది. రిపోర్టు చూసి డాక్టర్ ముఖం విప్పారింది. తెల్లకణాలు దాదాపు మామూలుకు వచ్చాయి. జబ్బు ఇంకా ఎంత మిగిలిందో చూసే పెద్ద రక్తపరీక్షలో కూడా రోగం బాగా తగ్గుముఖం పట్టిందని తేలింది. మాస్టారు ఆ సంతోషంలో మెట్లు దిగుతూనే ఈల పాట అందుకున్నాడు. మందుల కౌంటర్లో వైశాలి కనపడగానే ఆగలేకపోయాడు.

"బిడ్డా, నా గోలి సమస్య తీరింది. మా పిల్ల రోట్ల నూరి తేనెల కలిపిస్తది. తీయగ దిగిపోతది!"

వైశాలి చేతిలోని డబ్బా పక్కన పెట్టింది. "మీ పిల్లకు ఎంత వయసు అంకుల్?"

"పెద్దదే. పెండ్లయింది. పురుడు పోస్కునేందుకు ఇంటికొచ్చింది."

ఆ అమ్మాయి ముఖంలో నవ్వు పోయింది. గొంతు మాత్రం మెత్తగానే ఉంది. "అంకుల్, ఈ గోలి నూరొద్దు. నూరితే పొడి చేతులకంటుతది, ముక్కులకు పోతది. కడుపుతోని ఉన్నోళ్లు దాన్ని అస్సలు ముట్టొద్దు. లోపల బిడ్డకు మంచిది కాదు. రండి, సార్‌కు చెప్దాం."

జీవరత్నానికి అప్పుడు సంగతి అర్థమైంది. తన జబ్బు గురించి మొదటిసారి విన్నప్పుడు కూడా ఇంత భయం వేయలేదు. "నా మందు నా బిడ్డ కడుపుల పడ్డదా బెత్సీ?" అంటూ పక్కనే ఉన్న భార్య చెయ్యి పట్టుకున్నాడు. బెత్సీ ఆయన్ని డాక్టర్ గదికి నడిపించుకెళ్లింది.

డాక్టర్ కరుణాకర్ అంతా అడిగి తెలుసుకున్నాడు. ఎన్ని రోజుల నుంచి, ఎట్లా నూరింది, చేతులు కడుక్కుందా, తను నోట్లో ఏమైనా వేసుకుందా. తర్వాత అన్నాడు, "ఆమె మింగలేదు. కొద్ది రోజులు నూరినంత మాత్రాన ఏదో జరిగిపోయిందని అనుకోవద్దు. ఇంక ఆ పని మానిపించండి, ఆ రోలు పక్కన పెట్టేయండి. ఆమెను చూస్తున్న డాక్టరమ్మతో నేను మాట్లాడతాను. రేపు స్కాన్ చేయిస్తే మీకూ ధైర్యంగా ఉంటుంది."

ఆటోలో ఇంటికి వస్తుంటే మొజంజాహి మార్కెట్ గడియారం, పండ్ల బండ్లు, ఆబిడ్స్ రద్దీ ఏవీ మాస్టారి కంటికి ఆనలేదు. ఇంటికొచ్చి కూతురికి ఎట్లా చెప్పాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయాడు. బెత్సీయే చెప్పింది. జిప్పోరా ముఖం పాలిపోయింది. పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"డాడీ, ఇగో, తంతుంది. గట్టిగ తంతుంది. నువ్వు ఏడ్వకు." అని తనే ఏడ్చేసింది.

మర్నాడు లక్డీకాపూల్ దగ్గరి దవాఖానలో స్కాన్ గది బయట ముగ్గురూ ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. జిప్పోరా భర్త విజయ్ కుమార్ సికింద్రాబాద్ నుంచి పరుగెత్తుకొచ్చాడు. అల్లుడికి తన మీద కోపం ఉంటుందేమో అని జీవరత్నం తల ఎత్తలేకపోయాడు. విజయ్ వచ్చి ఆయన పక్కనే కూర్చుని, "మామా, మీరు ఫికర్ చెయ్యకున్రి," అన్నాడు. అంతే. ఆ మాటకే పెద్దాయన గుండె కుదుటపడింది.

స్కాన్ అయ్యాక డాక్టరమ్మ జిప్పోరాతో పాటు బయటికొచ్చింది. బిడ్డ ఎదుగుదల బాగుందని, గుండె చక్కగా కొట్టుకుంటోందని చెప్పింది. "లోపల ఒకటే గంతులు. మీ ఇంట్లో ఎవరైనా డాన్సరా?" అని అడిగింది.

"డాన్సర్ కాదు మేడమ్, బ్యాండ్ మేళం!" అంది జిప్పోరా. దవాఖాన వరండాలో అందరూ ఒక్కసారిగా నవ్వారు.

ఇక గోలీ సంగతి మిగిలింది. పెద్ద దవాఖానకు వెళ్తే వైశాలి మాస్టారిని, బెత్సీని ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పింది. భోజనం అయ్యాక గోలీని నూరకుండా, విరవకుండా గ్లాసుడు మంచినీళ్లలో వెయ్యాలి. చెంచాతో కలుపుతూ ఉంటే దానంతటదే కరుగుతుంది. కరగ్గానే తాగెయ్యాలి. అడుగున మిగిలిందాంట్లో ఇంకొన్ని నీళ్లు పోసి అదీ తాగాలి. ఆ గ్లాసు, ఆ చెంచా వేరేగా ఉంచుకోవాలి, ఆయనే కడుక్కోవాలి. గోలీలు వాటి డబ్బాలోనే పైన అరలో ఉండాలి.

"ఈసారి విన్నరా అంకుల్?" అని అడిగింది వైశాలి.

"ఈసారి రెండు చెవులతోని విన్న బిడ్డా."

వాయిద్యం తుడుచుకునే శ్రద్ధంతా ఆ గ్లాసు మీద పెట్టాడు మాస్టారు. ఇంట్లో ఏనాడూ చెంచా కడగని మనిషి సబ్బు పెట్టి తోముతుంటే బెత్సీ గుమ్మానికి ఆనుకుని చూస్తూ ఉండేది. "ముప్పై ఏండ్లకు ఒక్క గ్లాసు కడిగినవ్. ఆ పక్కన గిన్నెలు గూడ ఉన్నయ్, జర సూడు," అనేది. ఆయన నవ్వుతూ అవీ కడిగేవాడు.

మల్లేష్ ఒకనాడు మొజంజాహి మార్కెట్ నుంచి బుట్టెడు పంపరపనస పండ్లు తెచ్చాడు. రక్తానికి మంచివని ఎవరో చెప్పారట. మాస్టారికి ఇష్టమైన పండు. చెయ్యి చాపబోయి ఆగి, వైశాలికి ఫోన్ చేశాడు. వద్దంది. ఆ పండు తింటే మందు ఒంట్లో లెక్క తప్పి పెరుగుతుందంది. దాంతో మేళం మొత్తం గదిలో చుట్టూ కూర్చుని ఆయన ఎదుటే ఒలుచుకుని తిన్నారు. "మీ కోసమే తింటున్నం మాస్టర్," అన్నాడు మల్లేష్ నోటి నిండా పండుతో. మాస్టారు రెండు జామకాయలు తెప్పించుకుని వాళ్లతో పాటే కూర్చున్నాడు.

నెలలు నిండి జిప్పోరా ప్రసవించింది. ఆడపిల్ల. గులాబీ రంగు గుడ్డలో చుట్టి తెచ్చి చేతిలో పెడితే, మాస్టారు తన చేతులు ఒకసారి చూసుకుని, వెళ్లి మళ్లీ కడుక్కుని వచ్చి ఎత్తుకున్నాడు. మల్లేష్ అప్పటికే మేళాన్ని వెంటబెట్టుకుని దవాఖాన గేటు దాకా వచ్చేశాడు. వాచ్‌మన్ ఇక్కడ వాయించొద్దంటూ చేతులడ్డం పెట్టాడు.

"ఔ మల్లేష్, ఇది దవాఖాన. ఇంటికి పోయినంక సూస్కుందాం," అని మాస్టారు వాళ్లను వెనక్కి పంపాడు.

తల్లీబిడ్డా ఇంటికొచ్చిన రోజు పట్టపగలు సందు మొదట్లో బ్యాండు బారులు తీరింది. ఎర్రకోట్లు, తలపాగాలు, మెరిసే ట్రంపెట్లు. జిప్పోరా ఆటో దిగగానే మల్లేష్ డ్రమ్ము మీద దెబ్బ వేశాడు. మేడల మీంచి జనం తొంగిచూశారు. పక్కింటి విద్యావతమ్మ హారతి పళ్లెం పట్టుకొచ్చింది. హోటల్ మనిషి చాయ్ గ్లాసుల పళ్లెంతో బయటికొచ్చి అక్కడే నిలబడిపోయాడు. విజయ్ కుమార్ మార్కెట్ నుంచి సీతాఫలం ఐస్‌క్రీమ్ తెప్పించి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పంచాడు.

జీవరత్నం క్లారినెట్ పెదవులకు ఆనించాడు. పసిపిల్ల చెవులు అదిరిపోతాయని ముందు మెల్లగా, పూవు మీద చెయ్యి వేసినంత మెత్తగా ఎత్తుకున్నాడు. పిల్ల కళ్లు తెరిచి ఆవులించింది. సందంతా నవ్వింది. స్వరం కొంచెం కొంచెంగా పైకి ఎక్కింది, నిలబడింది, ఇంకా నిలబడింది. గోడల మీది పావురాలు లేచాయి. పిల్లను ఎత్తుకుని కూతురు ఎదురుగా నడిచి వస్తుంటే ఆయన వెనకడుగు వేసుకుంటూ, మనవరాలి ముఖం మీంచి చూపు తిప్పకుండా, ఇంటి గుమ్మం దాకా ఊదుకుంటూ వెళ్లాడు.