మబ్బు పూట ఐదు చుట్లు

యుద్ధం మొదలైన రెండో ఏడు, శ్రావణమాసం మూడో గురువారం, పొద్దున తొమ్మిదిన్నర. నాగర్‌కర్నూల్‌లో ఒక గాజుల వర్తకుడి ఇంటి లోపలి వాకిట్లో, ఫొటో పెట్టె నల్లగుడ్డ కింద తల పెట్టాను. అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి. గడియారం చూసి ఆ వేళ చెప్పింది మా చిన్నాయన.

ఫొటోలు తీయడం ఆయన పని. మొదట గద్వాలలో మగ్గాలవాళ్లకు చీర అంచుల నమూనాలు గీసేవాడు. ఊళ్లోకి ఎవరో ఫొటోలవాడు వస్తే అతని పెట్టె మోస్తూ మూడేళ్లు వెంట తిరిగి పని పట్టాడు. వనపర్తిలో అంగడి పెట్టిన కొత్తలో స్తంభాలూ మేడలూ గీసిన పరదా ముందు జనాన్ని నిలబెట్టేవాడు. ఒకసారి పాన్‌గల్ రైతు ఒకాయన తన ఫొటో చూసుకొని, "బాగనే ఉన్నది గని, గీ మేడ ఎవరిదన్నా? మా ఇంట్ల అడిగితే ఏం చెప్పాలె?" అన్నాడు. చిన్నాయన ఆ పరదా చుట్టి అటక మీద పడేశాడు, మళ్లీ దింపలేదు. అప్పటి నుంచి ఎవరి గడప మీద వాళ్లను కూర్చోబెట్టే తీశాడు. మేడ కావాలనే గిరాకీ అంతా పోయింది. పోతే పోనీ అన్నాడు.

మొగుడు చచ్చిపోయి పుట్టింటికి వచ్చిన నాకు ఈ పని నేర్పుతానంటే మావాళ్లు ఆయన్ని నానా మాటలన్నారు. పరదా పాటించే ఇళ్లలో ఆడవాళ్లను మగవాడు తీయలేడు, ఈ పనికి ఆడమనిషి కావాలి అన్నాడు. ఆరు నెలలు బొమ్మ పడే గాజు పలక ముట్టనివ్వలేదు. ఖాళీ పెట్టె ముందు కూర్చోబెట్టి, "ఆ బిందె మీద వెలుగు ఏడ పడ్డది? ఏడ ఆగింది? చెప్పినంకనే బువ్వ" అనేవాడు. రెండుసార్లు నిజంగానే పెట్టలేదు.

పెట్టె కంటికి ఒక మూత ఉంటుంది. అది తీశాక ఎంతసేపు ఆగాలో గడియారం చూసి లెక్కపెట్టాలి. నాకది చదవడం రాదు. ఒక పూట నేను జొన్నలు విసురుతుంటే చిన్నాయన గడియారం పట్టుకొని పక్కన కూర్చున్నాడు. "నీ ఇసుర్రాయి జర గూడ తప్పుతలేదు బిడ్డా. మూత తీసినంక మనసుల రాయి తిప్పు. ఎండుంటే ఒక్క చుట్టు, మబ్బుంటే ఐదు" అన్నాడు. రానిదాన్ని వెక్కిరించకుండా, వచ్చినదానిలోంచే దారి తీసి చూపించాడు. అటువంటి గురువు నాకు మళ్లీ తగల్లేదు.

గాజుల వర్తకుడి తల్లికి ఒళ్లంతా నీరు పట్టింది. వచ్చే రంజాన్ చూడదని హకీం చెప్పేశాడు. పరాయి మగవాడి కంట పడని మనిషి కాబట్టి ఇంట్లో ఆమె బొమ్మ ఒక్కటీ లేదు. యుద్ధంతో బొంబాయి నుంచి పలకలు రావడం ఆగి, మా దగ్గర ఒక్కటే మిగిలింది. అది పాడైతే ఆ ఇంటికి తల్లి ముఖం ఇక లేనట్టే. నేను అంతకుముందు పలక మీద తీసింది ఇద్దరినే, ఇద్దరూ మా ఇంటివాళ్లే.

"నువ్వే తీస్తవు పో" అని చిన్నాయన గుమ్మం పరదా అవతల వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.

పెట్టె వెనక అద్దంలో నేను చూస్తుంటే ముసలమ్మ అడిగింది. "అందుల నేనెట్లున్న బేటీ?"

"తలకాయ కిందికి, కాళ్లు మీదికి ఉన్నయమ్మా. ఇందుల గట్లనే కనబడతది."

"యా అల్లా! గీ వయసుల గదొక్కటే తక్కువైంది!"

కోడళ్లు పకపకా నవ్వారు. "జర నాకు గూడ చూపియ్యి" అంటూ చిన్నకోడలు గుడ్డలో తల దూర్చబోతే పెద్దకోడలు జడ పట్టి లాగింది.

మబ్బు పట్టి ఉంది. ఐదు చుట్లు. కదలొద్దని చెప్పి, పలక ఎక్కించి, మూత తీశాను. ఒకటి. రెండు. ముసలమ్మ కుడిచెయ్యి లేచింది. చెంప పక్కకు తెచ్చి సలాం చేసింది! రేపు బొమ్మను చూసేవాళ్లకు సలాం చెప్పకుండా ఊరికే కూర్చుంటే మర్యాద కాదనుకుందట.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో చిన్నాయన నేర్పలేదు. నా చెయ్యి మాత్రం పోయి మూత పెట్టేసింది.

"నీ సలాం ముట్టిందమ్మా. ఇగ చెయ్యి దించు. మొఖం గట్లనే ఉంచు, తిప్పకు."

ఆమె చెయ్యి దించింది. తల కదల్లేదు. మళ్లీ మూత తీసి మిగిలిన మూడు చుట్లూ తిప్పాను.

బయటికొచ్చి జరిగింది చెప్పేసరికి నాకు ఏడుపొచ్చింది. చిన్నాయన ఆ ఇంటి చీకటి కొట్టులోనే పలకను మందునీళ్లలో కడిగి, తెచ్చి వెలుగుకు పట్టాడు. ముఖం గీత చెదరకుండా ఉంది. చెంప పక్కన చెయ్యి పొగలా ఉంది.

"మూత మళ్ల పెట్టుమని ఎవరు చెప్పిన్రు?"

"ఎవ్వరు చెప్పలే."

"ఇరువై ఏండ్లయితుంది ఈ పెట్టె పట్టి. నాకు తట్టలే. నేనైతే ఎందుకు కదిలినవని కసురుతుంటి. ఆమె బెదిరి తల తిప్పుతుండె, మొఖం గూడ పోతుండె."

వర్తకుడు వినేలా గట్టిగానే అన్నాడు. తర్వాత పని నేర్చుకోవడానికి వచ్చిన మగవాళ్లకు కూడా, ఇది మా బిడ్డ నాకు నేర్పింది అని చెప్పి మరీ ఆ మూత పెట్టడం నేర్పేవాడు.

వర్తకుడు పలకలోకి చూసి, "ఆ పొగ గీకెయ్యొచ్చునా?" అని అడిగాడు.

"గీకుత. గని రేపు ఆమె లేనినాడు మీకు సలాం ఎవరు చెప్పాలె?"

ఆయన "ఉండనియ్యి" అన్నాడు.

రంజాన్ రాకముందే ముసలమ్మ పోయింది. పొగ చెయ్యితో సహా ఆ బొమ్మ వాళ్లింట్లో ఉంది.

బొమ్మలో ఆమె ఒక్కతే. ఆ పూట వాకిట్లో ఉన్నది ముసలమ్మ, ఆమె పెద్దకోడలు, చిన్నకోడలు, చిన్నకోడలి చంకలో ఆడపిల్ల, ముసలమ్మ మంచాన్ని వెలుగులోకి జరిపిన పనిమనిషి, నేను. పరదా అవతల, వీధి వైపు ముఖాలు పెట్టి, ముసలమ్మ కొడుకు, మా చిన్నాయన.