గొర్రెలు పడుకున్న చోటే మా టెంట్

మా చిన్నప్పుడు అంటే మరీ అంత పాత కాలమేం కాదు... కరోనా వచ్చిన ఏడాది. నాకు పన్నెండేళ్ళు. డబ్లిన్‌కి చాలా దూరంగా పడమటనున్న మేయో కొండల మధ్య, ఒక సరస్సు ఒడ్డున, తడిసి ముద్దయిన టెంట్ ముందు నిలబడి నాన్న మొహం గోక్కుంటున్నాడు. నీళ్ళ దగ్గర కంటికి ఆననంత చిన్న దోమలుంటాయిక్కడ... రాత్రంతా కుట్టేశాయి.

ఆ చోటు ఎంచింది ఆయనే. ఫోన్‌లో ఫొటో చూసి!

"రాత్రే చెప్పిన గద నాయనా, నీళ్ళ పక్కన ఆగొద్దని," అంది నానమ్మ కారులోంచి.

అసలా ప్రయాణమే నానమ్మ కోసం. మహబూబ్‌నగర్ దగ్గరి పల్లె నుంచి మమ్మల్ని చూసిపోదామని మూడు నెలల కోసం వచ్చింది. ఇంతలో విమానాలు ఆగిపోయాయి. డబ్లిన్ దగ్గర నేస్‌లో మా ఇంటి ముందుగది కిటికీ, దాని పక్కన కుర్చీ... అంతే ఆమె లోకం. ఎండాకాలం వచ్చేసరికి మాట తగ్గింది. రెండు ముద్దలు తిని పళ్ళెం జరిపేసేది. మా జీపీ డాక్టరు ఫోన్‌లోనే అంతా విని, "ఒంట్లో ఏం లేదు, ఆమెని బయట తిప్పండి" అన్నారట.

కౌంటీలు, అంటే ఇక్కడి జిల్లాలు, దాటి వెళ్ళొచ్చని ప్రభుత్వం చెప్పగానే నాన్న నాలుగు రోజులు సెలవు పెట్టాడు. పెద్దావిడతో హోటల్లో దిగాలంటే భయం... అందుకే టెంట్. నానమ్మకి మాత్రం కారు వెనక సీట్లు మడిచి పరుపు వేశాం.

రెండో రోజు పొద్దున నాన్న టెంట్ పిండుతూ, "ఇయ్యాల నువ్వే చెప్పమ్మా, యాడ ఆగాల్నో," అన్నాడు.

ఆ మాటకి నానమ్మ నిటారుగా కూర్చుంది... ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది.

అమ్మ మెచ్చిన ఇసుక తీరం వద్దంది. "గాలి సక్కగ మొకానికి కొడ్తది." పచ్చటి మైదానం చూపిస్తే అదీ వద్దంది. "గడ్డి గంత గుబురుగుందంటే కింద బురదుంటది." సాయంత్రం దాకా తిరిగి తిరిగి, చివరికి ఒక కొండవాలు దగ్గర కారాపించింది.

"గొర్లు యాడ పండుకున్నయో సూడున్రి. ఆడ గాలుండది, తడుండది."

నిజమే... రాతిగోడ చాటున గొర్రెలు హాయిగా నెమరేస్తున్నాయి.

ఆ పొలం రైతు గేటు దగ్గరే ఉన్నాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. మమ్మల్ని చూసి గోడకి అవతలే ఆగిపోయాడు. ఆ రోజుల్లో కొత్త మొహమంటే అందరికీ బెరుకే... కేసులెక్కువున్న డబ్లిన్ వైపు నుంచి వచ్చినవాళ్ళంటే మరీను. ఒక్క రాత్రి ఉంటామని నాన్న దాదాపు బతిమాలాడు.

"ఇంత చోటుండగా ఆ మూలే ఎందుకు?" అన్నాడాయన.

"మా అమ్మ చూపించింది."

"ఆమెకేం తెలుసు?"

నాన్న గొర్రెల వైపు చూశాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "మాది గొర్రెల కాపరుల కుటుంబం. అమ్మ చిన్నప్పుడు మంద వెంట ఊళ్ళు తిరిగేది. రాత్రికి ఎక్కడ ఆగాలో తనే చూసేది."

నేను నోరెళ్ళబెట్టాను. "ఊళ్ళో పొలం ఉండేది" అని మాత్రమే చెప్పేవాడు నాన్న ఎప్పుడూ...

ముసలాయన నానమ్మని కొత్తగా చూశాడు. "నా గొర్రెలెలా ఉన్నాయో అడుగు," అన్నాడు నాతో. నాకు తెలుగు అర్థమయ్యేది గానీ జవాబులన్నీ ఇంగ్లీషులోనే. ఆ రోజు తప్పలేదు. తడబడుతూ అడిగాను.

నానమ్మ గోడ మీద చెయ్యానించి చూసింది. పెదాలు కదిలాయి. "మంచిగున్నయి. తల్లులెన్నో అడుగు బిడ్డా."

"నలభై," అన్నాడాయన.

"ముప్పైతొమ్మిదే ఉన్నయి. గా పిల్ల తల్లి కోసం ఒర్లుతున్నది, ఇనవడ్తలేదా?"

ముసలాయన నవ్వాడు. లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు... నవ్వు పోయింది.

తప్పిపోయిన గొర్రె గోడ వెనక కాలువలో వెల్లకిలా పడి ఉంది. ఉన్ని నీళ్ళు పీల్చి బరువెక్కింది. కాళ్ళు పైకి, కడుపు ఉబ్బిపోయి...

"అది తనంతట తాను లేవది! మెడ కింద చెయ్యి పెట్టు నర్సిమ్మా!" నానమ్మ కేకేసింది.

నాన్న అప్పటికే కాలువలోకి దిగాడు. కీబోర్డు తప్ప ఇంకేమీ పట్టడం నేను చూడని చేతులు... ఒకటి దవడ కింద, ఒకటి తొంటి కింద. అటువైపు నుంచి ముసలాయన. నెలల తరబడి మనిషికీ మనిషికీ మధ్య రెండు మీటర్ల దూరం పాటించిన కాలం అది. ఆ బురదలో ఇద్దరి తలలూ తగులుతున్నాయి.

పైకి తెచ్చినా గొర్రె నిలబడలేకపోయింది. కాళ్ళకి సత్తువ వచ్చేదాకా నాన్న దాన్ని మోకాళ్ళ మధ్య పట్టి నిలబెట్టాడు. కాసేపటికి అది తూలుకుంటూ పిల్ల దగ్గరికి వెళ్ళింది. నానమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది... గొర్రె బతికినందుకో, కొడుక్కి పని మరపు రానందుకో.

"యు ఆర్ గ్రాండ్ దేర్," అన్నాడు ముసలాయన ఊపిరి పీల్చుకుంటూ... అంటే మీకక్కడ ఏ ఇబ్బందీ లేదని. "ఎన్ని రాత్రులుంటారో ఉండండి."

మిగతా రెండు రాత్రులూ అక్కడే ఉన్నాం. వాన పడినా టెంట్లోకి చుక్క రాలేదు. నానమ్మ అడిగి మరీ మారన్నం పెట్టించుకుంది. ముసలాయన గోడకి అటు, మేం ఇటు కూర్చుని కబుర్లు... "గుర్తుకి మీరు నీలం రంగేస్తరా? మేం చెవికి గాటు పెడ్తం," అనేది నానమ్మ. మధ్యలో నేను, తెలుగు వెతుక్కుంటూ. ఇంటికొచ్చాక అక్షరాలు నేర్పమని అమ్మని నేనే అడిగాను. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నది ఆ గోడ పుణ్యమే.

చలి మొదలయ్యాక విమానం దొరికింది, నానమ్మ వెళ్ళిపోయింది. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు... ఇక రాలేనంటుంది. వాళ్ళ ఊళ్ళో మందలు ఆగే చేలల్లో ప్లాట్ల రాళ్ళు పాతారట.

ఆ ఏడాదిని అందరూ తిట్టుకుంటారు. నాకు మాత్రం నోరు రాదు... విమానాలు సరిగ్గా తిరిగి ఉంటే ఆమె మూడు నెలలకే వెళ్ళిపోయేది. నాకు నానమ్మ ఉండేది గానీ, ఆమె ఎవరో తెలిసేది కాదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళ చేతుల్లో ఏ పని దాగుందో మీకెప్పుడు తెలిసింది? రాయండి... ఒక్కొక్కటీ చదువుతాను.